ఇంటి నుంచి పని చేస్తూ చదువుకోవడం: విశాఖవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గోపాలపట్నంలో ఉంటాను. 2020 నుంచి మెడికల్ కోడింగ్ పని (రోగుల చికిత్స వివరాలకి కోడ్లు వేసే పని) ఇంటి నుంచే చేస్తున్నాను. ఆ పని చేస్తూనే ఇగ్నోలో (కేంద్రం నడిపే దూరవిద్య యూనివర్సిటీ) ఎంఏ ఇంగ్లీషు పూర్తి చేశాను. అప్పట్నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతున్న సందేహాలు ఇంచుమించు ఒకటే. అందుకే అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి, నాకు తెలిసినంతలో జవాబులు రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## చదవాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

రోజంతా ఇంట్లోనే ఉంటాను కదా, చదువుకి టైమ్ ఎందుకు దొరకట్లేదు?

ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి గుమ్మం దాటగానే ఇంటి పని ఆగుతుంది. మనకి ఆగదు. గ్యాస్ బండ వచ్చినా, కొరియర్ వచ్చినా, పక్కింటివాళ్ళు తాళాలిచ్చి వెళ్ళినా "ఇంట్లోనే ఉంది కదా" అని మన దగ్గరికే వస్తాయి. ఆఫీసువాళ్ళు కూడా అంతే, "ఇంట్లోనే ఉన్నారు కదా" అని రాత్రి తొమ్మిదికి మెసేజ్ పెడతారు.

మొదటి ఏడాది నేను ఖాళీ దొరికినప్పుడు చదువుదాం అనుకున్నాను. ఆ ఏడాది రాయాల్సిన నాలుగు పేపర్లలో ఒక్కటే రాయగలిగాను. రెండో ఏడాది పొద్దున 5.15 నుంచి 6.30 దాకా మేడ మీద గదిలో కూర్చోవడం మొదలుపెట్టాను. తలుపుకి ఒక కాగితం అంటించాను. దాని మీద చదువుకునే వేళ, పరీక్ష తేదీ, అంతే. ఆ కాగితం నాకోసం కాదు, ఇంట్లోవాళ్ళకోసం. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషి ఆఫీసు పని చేస్తోందో, పాఠం వింటోందో, ఊరికే ఏదో చూస్తోందో చూసేవాళ్ళకి తెలీదు. తేదీ కనబడేసరికి మా అబ్బాయి "అమ్మా, ఇంకా నలభై రోజులే" అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాల ప్యాకెట్లు లోపల పెట్టే పని మా ఆయన తీసుకున్నారు, నేను అడక్కుండానే.

ఇంటి నుంచి పని చేసేవాళ్ళకి ఫీజు కన్నా, సిలబస్ కన్నా పెద్ద అడ్డంకి ఇదే. మనం చదువుతున్నామన్న సంగతి ఎవరికీ కనబడదు. కనబడేలా చేసుకోండి.

ఒక డిగ్రీకి రోజుకి ఎన్ని గంటలు పెట్టాలి?

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నేను చేసిన ఎంఏ 64 క్రెడిట్లు, అంటే 1,920 గంటలు. రెండేళ్ళలో ముగించాలంటే రోజుకి రెండున్నర గంటల పైనే పడుతుంది. నాలుగేళ్ళ గడువంతా వాడుకుంటే రోజుకి గంటా ఇరవై నిమిషాలు సరిపోతాయి. ఉద్యోగం, ఇల్లు రెండూ ఉన్నవాళ్ళు గడువు పూర్తిగా వాడుకుంటే తప్పేమీ లేదు. సర్టిఫికెట్ మీద ఎన్నేళ్ళు పట్టిందని ఎవరూ వెతకరు.

నాకు 41 దాటాయి. ఇప్పుడు చదివితే ఎవరైనా నవ్వుతారా?

ఇగ్నోలో చాలా కోర్సులకి గరిష్ఠ వయసు లేదు. నా పరీక్ష హాల్లో పక్క బెంచీలో కూర్చున్నాయన ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరయిన మనిషి. ఎవరూ నవ్వలేదు.

డిగ్రీ చెయ్యాలా, సర్టిఫికెట్ కోర్సు చాలా?

చదివింది ఎక్కడ చూపించాలో ముందు తేల్చుకోండి. ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్, టీచింగ్, పీజీ ఉంటేనే ఇచ్చే ప్రమోషన్, విదేశాల్లో పై చదువు వంటివాటికి డిగ్రీయే కావాలి. ఉన్న పనిలోనే ఒక మెట్టు ఎక్కాలంటే ఆ రంగంవాళ్ళు గుర్తించే సర్టిఫికెట్ త్వరగా పనికొస్తుంది.

అయితే సర్టిఫికెట్ ఒకసారి తెచ్చుకుంటే అయిపోదు. మా రంగంలో సీపీసీ అనే కోడర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు రెండేళ్ళకోసారి 36 సీఈయూలు (చదువు కొనసాగిస్తున్నామని చూపే యూనిట్లు) చూపించాలి. ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్ పీఎంపీకి మూడేళ్ళలో అలాంటివే 60 పీడీయూలు. నెట్‌వర్క్ పని చేసేవాళ్ళ సిస్కో సీసీఎన్ఏ మూడేళ్ళకి ముగుస్తుంది. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ సర్టిఫికెట్లని ఏటా ఆన్‌లైన్‌లో ఉచితంగానే రెన్యూ చేసుకోవచ్చు, కానీ తేదీ దాటితే మళ్ళీ ఫీజు కట్టి పరీక్ష రాయాలి. చేరేముందు రెన్యువల్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.

ఇంకో మాట. నా ఎంఏ వల్ల జీతం పైసా పెరగలేదు. ఇంగ్లీషు సాహిత్యం చదవాలని నాకు ఇరవై ఏళ్ళుగా కోరిక. చదవడానికి అది కూడా సరైన కారణమే. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

నేను ఇంటర్ మధ్యలో ఆపేశాను. ఇంట్లో మిషన్ కుడుతూ డిగ్రీ చదవొచ్చా?

చదవొచ్చు, ముందు ఇంటర్ పూర్తి చెయ్యాలి. ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి, ఇంటర్ రెండూ రాయొచ్చు, తెలుగు మాధ్యమంలో కూడా. కేంద్రం నడిపే ఎన్ఐఓఎస్ ఇంకో దారి. ఇంటర్ అయ్యాక దూరవిద్య డిగ్రీకి మిగతా అందరిలాగే దరఖాస్తు చేసుకోవచ్చు.

## యూనివర్సిటీ, కోర్సు ఎంచుకునేటప్పుడు

దూరవిద్య డిగ్రీకి మామూలు డిగ్రీతో సమానంగా విలువ ఉంటుందా?

ఉంటుంది. యూజీసీ (యూనివర్సిటీలని నియంత్రించే కేంద్ర సంస్థ) గుర్తించిన యూనివర్సిటీ, యూజీసీ అనుమతించిన కోర్సు అయితే దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్ళి చదివిన డిగ్రీ మూడూ సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ మళ్ళీ స్పష్టంగా చెప్పింది. మన ఊరికి దూరవిద్య కొత్తేమీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కరస్పాండెన్స్ కోర్సులు 1972లోనే మొదలయ్యాయి. ఇగ్నో 1985లో వచ్చింది, దాని రీజినల్ సెంటర్ విశాఖలో ఉంది.

చూసుకోవాల్సింది యూనివర్సిటీ పేరు ఒక్కటే కాదు. యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఏ ఏడాదికి, ఏ సెషన్‌కి, ఏ కోర్సుకి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఒక యూనివర్సిటీకి బీకాంకి అనుమతి ఉండి ఎంబీఏకి లేకపోవచ్చు. మీరు చేరే సెషన్ పేరుతో సహా చూసి, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఒకాయన మూడేళ్ళ డిగ్రీ ఒకే సిట్టింగ్‌లో ఇప్పిస్తానంటున్నాడు. నిజమేనా?

కాదు. చెయ్యకండి. "వన్ సిట్టింగ్" పేరుతో అమ్మేది పాత తేదీలు వేసిన కాగితమే. డిగ్రీకి కనీస కాలం ఉంటుంది, దాన్ని కుదించే అధికారం ఏ కన్సల్టెన్సీకీ లేదు. అసలు యూనివర్సిటీలు తమ దూరవిద్యని ఫ్రాంచైజీకి ఇవ్వడాన్నే యూజీసీ నిషేధించింది.

నాకు బాగా తెలిసిన అమ్మాయి ఇలాగే ఒక చోట 45 వేలు కట్టింది. మార్కుల జాబితాలు వచ్చాయి, మెరిసే హోలోగ్రామ్‌తో సహా. ఆరు నెలల తర్వాత కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూనివర్సిటీ "ఈ నంబరు మాది కాదు" అని రాసి పంపింది. ఆఫర్ పోయింది. డబ్బు అడగడానికి వెళ్తే ఆ గదిలో అప్పటికే వేరే షాపు నడుస్తోంది. ఆ అమ్మాయి తర్వాత సరైన చోట మొదటి సంవత్సరం నుంచి చేరి చదువుతోంది. ఆ ధైర్యానికి నేను దండం పెడతాను. కానీ పోయిన డబ్బు, పోయిన ఏడాది తిరిగి రాలేదు.

ఫీజు ఎప్పుడూ యూనివర్సిటీ సొంత పోర్టల్‌లోనే కట్టండి. వ్యక్తి పేరు మీద ఫోన్‌పే చెయ్యమంటే అక్కడే ఆపేయండి.

దూరవిద్యకీ ఆన్‌లైన్ డిగ్రీకీ తేడా ఏంటి?

దూరవిద్యలో పుస్తకాలు వస్తాయి, స్టడీ సెంటర్ ఉంటుంది, సెలవు రోజుల్లో కొన్ని క్లాసులు ఉంటాయి, పరీక్ష హాల్లో రాస్తారు. ఆన్‌లైన్‌లో స్టడీ సెంటర్ ఉండదు, పాఠాలూ చర్చలూ అన్నీ పోర్టల్‌లోనే. రాష్ట్ర యూనివర్సిటీ దూరవిద్య ఆ రాష్ట్రం దాటి నడపకూడదు. ఆన్‌లైన్ డిగ్రీకి ఆ హద్దు లేదు. అంటే వేరే రాష్ట్రం యూనివర్సిటీ "వైజాగ్‌లో మా దూరవిద్య స్టడీ సెంటర్" అని బోర్డు పెడితే అనుమానించాలి.

పగలంతా స్క్రీన్ చూసే పని అయితే, నా అభిప్రాయంలో, పుస్తకాలు వచ్చే దూరవిద్యే మేలు. కళ్ళకి విశ్రాంతి.

దూరవిద్యలో అస్సలు చెయ్యకూడని కోర్సులు ఏవి?

బీటెక్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, న్యాయవిద్య వంటివి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవ్వకూడదు. పీహెచ్‌డీ కూడా అంతే. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, ఇంకొన్ని ఆరోగ్య అనుబంధ కోర్సులు కూడా ఈ జాబితాలో చేరాయి. సైకాలజీ గురించి చాలామంది గృహిణులు అడుగుతున్నారు. వాళ్ళు కాలేజీకి వెళ్ళి చదివే దారి చూసుకోవాలి.

ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చా?

2022 నుంచి యూజీసీ ఒప్పుకుంటోంది. ఒకటి కాలేజీలో ఒకటి దూరవిద్యలో అయినా, రెండూ దూరవిద్యలో లేదా ఆన్‌లైన్‌లో అయినా సరే. పరీక్ష తేదీలు కలిసి వస్తే మాత్రం సర్దుకోవాల్సింది మీరే.

డెబ్ ఐడీ అడుగుతోంది, ఆధార్‌తో పేరు కలవట్లేదంటోంది. ఏం చెయ్యాలి?

2024 నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేరేవాళ్ళకి డెబ్ ఐడీ (యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో పోర్టల్ ఇచ్చే నంబరు) తప్పనిసరి. దానికి ముందు ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) కావాలి, అది డిజీలాకర్‌లో ఆధార్‌తో తీసుకోవచ్చు. మన దగ్గర వచ్చే చిక్కంతా ఇంటిపేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు కూడా చేరి ఉంటుంది.

మెమోలో ఎలా ఉందో ఆధార్‌లో అలా మార్పించుకోవడమే తేలిక. మెమో మార్పించడం చాలా పెద్ద పని. అడ్మిషన్ చివరి వారంలో ఇది చెయ్యలేరు. కనీసం నెల ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్ళండి.

స్వయం, ఎన్‌పీటెల్ కోర్సులు నిజంగా ఉచితమేనా?

ఇవి ప్రభుత్వం తరఫున నడిచే ఆన్‌లైన్ కోర్సులు. చేరడం, పాఠాలు వినడం, అసైన్‌మెంట్లు చెయ్యడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్ళి పరీక్ష రాయాలి. ఎన్‌పీటెల్‌లో ఆ ఫీజు చాలాకాలంగా కోర్సుకి 1,000 రూపాయలు. కోర్సులు 4, 8, 12 వారాలవి ఉంటాయి. తుది మార్కులో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. పరీక్షలో 75కి 30, అసైన్‌మెంట్లలో 25కి 10 విడివిడిగా రావాలి. వారం వారం అసైన్‌మెంట్ గడువు దాటితే మళ్ళీ తెరవరు. ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. పాఠం మొత్తం వినకపోయినా ఆ వారం అసైన్‌మెంట్ మాత్రం పెట్టేయండి.

నాకు ఇంగ్లీషు అంతగా రాదు. తెలుగులో చదువుకోవచ్చా?

డిగ్రీ స్థాయిలో తెలుగు మాధ్యమం దొరుకుతుంది. దరఖాస్తులోనే మాధ్యమం సరిగ్గా నింపండి. ఎన్‌పీటెల్ చాలా కోర్సుల పాఠాల రాతప్రతులు తెలుగులోకి అనువదించింది. తెలుగులో ఒకసారి చదివి, తర్వాత ఇంగ్లీషు వీడియో చూస్తే బాగా ఎక్కుతుంది.

## ఫీజు, డబ్బు

"నో కాస్ట్ ఈఎంఐ" అంటున్నారు. అది అప్పేనా?

అప్పే. కోర్సు అమ్మే కంపెనీకి మీ తరఫున ఒక ఫైనాన్స్ సంస్థ మొత్తం డబ్బు ముందే కట్టేస్తుంది. ఆ సంస్థకి మీరు నెలనెలా కడతారు. మధ్యలో కోర్సు మానేసినా వాయిదాలు ఆగవు, ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది. ఫోన్‌లో ఓటీపీ చెప్పేముందు "ఇది లోనా? ఇచ్చేది ఎవరు? రీఫండ్ ఎన్ని రోజుల్లో?" అని అడిగి, జవాబు మెయిల్‌లో పంపమనండి. మెయిల్ పంపడానికి వెనకాడితే మీరూ వెనక్కి తగ్గండి.

కంపెనీ ఫీజు కడతానంటోంది, బాండ్ రాయమంటోంది. ఒప్పుకోవచ్చా?

సాధారణంగా ఏడాదో రెండేళ్ళో ఉండాలంటారు. మధ్యలో వెళ్తే మొత్తం తిరిగి కట్టాలా, మిగిలిన నెలలకి తగ్గట్టా అన్నది చూడండి. వాళ్ళే తీసేస్తే ఎవరు కడతారన్నది కూడా రాసి ఉండాలి. రెండోది చాలామంది చూడరు.

చదువుకి కట్టిన దానికి ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గుతుందా?

మీ ఫీజుకి తగ్గదు. బ్యాంకు విద్యారుణం అయితే దాని వడ్డీకి మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానంలోనే, ఎనిమిదేళ్ళ దాకా. పర్సనల్ లోన్‌కి వర్తించదు.

## చదువు మొదలయ్యాక

నాది అమెరికా షిఫ్ట్. ఏ వేళ చదవాలి?

తెల్లవారుజామున మూడున్నరకి షిఫ్ట్ దిగినవాళ్ళని పొద్దున లేచి చదవమని ఎవరైనా చెప్తే వినకండి. ముందు నిద్ర. లేచి భోంచేశాక, షిఫ్ట్‌కి రెండు మూడు గంటల ముందు వేళ చాలామందికి సరిపోయింది. సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర అనుకోండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. అంటే మన షిఫ్ట్ మార్చిలో గంట ముందే మొదలవుతుంది. సాయంత్రం లైవ్ క్లాస్ ఉన్న కోర్సులో చేరితే జనవరిలో కుదిరిన టైమ్‌టేబుల్ మార్చిలో కుదరదు. రికార్డింగ్ ఇస్తారా లేదా అన్నది చేరేముందే అడగండి.

పిల్లలు, పెద్దవాళ్ళు మాటిమాటికీ పిలుస్తారు. ఎలా?

తలుపు వేసుకుంటే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. మా అత్తగారికి నేను ఏం చదువుతున్నానో కథగా చెప్పడం మొదలుపెట్టాను. షేక్‌స్పియర్ నాటకం కథ విని ఆవిడ "తర్వాత ఆ కూతురు ఏమైంది?" అని మర్నాడు అడిగారు. ఆ తర్వాత నా చదువు వేళకి టీవీ సౌండ్ తగ్గించేది ఆవిడే.

క్లాసు మధ్యలో కరెంటు పోతే?

ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, ఆగిపోయేది వైఫై రూటర్. రూటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. మీ రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఉందో చదివి అదే రకం కొనండి. చాలావాటికి 12 వోల్టులే ఉంటుంది. రెండు మూడు గంటలు లాగుతుంది.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చదువుకోవచ్చా?

వద్దు. అందులో మీరు ఏం తెరుస్తున్నారో కంపెనీ చూడగలదు, ఉద్యోగం మారిన రోజు మీ నోట్సన్నీ దాంతోనే పోతాయి. మా రంగంలో రోగుల వివరాలు ఉండే మెషీన్ అది, బయటి ఫైళ్ళు దించడమే తప్పు. పాత ఫోన్ లేదా చవక ట్యాబ్ చాలు.

ఇంట్లో అస్సలు కుదరట్లేదు. విశాఖలో ఎక్కడ కూర్చుని చదవొచ్చు?

ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షలకి చదివే పిల్లలతో నిండిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. ఆ చుట్టుపక్కల నెలకింత అని తీసుకునే రీడింగ్ హాళ్ళూ ఉన్నాయి. చేరేముందు ఒక రోజు కూర్చుని చూస్తాననండి. ఏసీ ఉందా అన్నది మాత్రమే కాదు, ఆడవాళ్ళ బాత్‌రూమ్ శుభ్రంగా ఉందా అన్నదీ చూడండి.

ఇగ్నో అసైన్‌మెంట్లు చేత్తోనే రాయాలా?

నేను చదివినప్పుడు అన్నీ చేత్తోనే రాశాను. తుది మార్కులో వాటికి సాధారణంగా 30 శాతం, పరీక్షకి 70. కొన్నేళ్ళుగా చేత్తో రాయని మనకి మొదటి రెండు పేజీలకే వేళ్ళు పట్టేస్తాయి. అది మంచిదే, పరీక్ష మూడు గంటలూ రాయాల్సింది చేత్తోనే కదా. అసైన్‌మెంట్లని ఆ సాధనగా వాడుకోండి.

మన ఊళ్ళో గాలి తేమకి కాగితాలు మెత్తబడతాయి. ఆగస్టులో మేడ మీద గదిలో జెల్ పెన్నుతో రాసిన పదిహేను పేజీలు, వెనకపక్కకి సిరా దిగి, మళ్ళీ రాయాల్సొచ్చింది. బాల్ పెన్ను, కొంచెం మందం కాగితం వాడండి. రాసినవి ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టండి. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోటో తీసుకోండి, రసీదు పోగొట్టుకోకండి. మార్కులు ఎక్కకపోతే అవే సాక్ష్యం.

## పరీక్షలు, ఆ తర్వాత

పరీక్షలకి సెలవు ఎప్పుడు పెట్టాలి?

ఇగ్నో పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో మొదలవుతాయి. ఆదివారాలే అనుకోకండి, మామూలు పనిరోజుల్లోనూ ఉంటాయి, పొద్దున 10 నుంచి లేదా మధ్యాహ్నం 2 నుంచి. డేట్ షీట్ రాగానే ఆ రోజే సెలవులు పెట్టేయండి. డిసెంబరులో క్లయింట్ల సెలవులని, ఏడాది చివర లీవులని అందరూ పోటీ పడతారు. "ఇంటి నుంచే కదా, పరీక్ష రాసొచ్చి లాగిన్ అవుతాను" అని మాత్రం ఒప్పుకోకండి. నేను ఒకసారి ఒప్పుకుని, రాత్రి పదకొండింటికి తప్పుడు కోడ్లు వేసి, మర్నాడంతా దిద్దుకున్నాను.

పరీక్ష కేంద్రం ఎక్కడ పడుతుంది?

ఎన్‌పీటెల్ లాంటి కంప్యూటర్ మీద రాసే పరీక్షలకి చినముషిడివాడ వైపో గాజువాక, షీలానగర్ వైపో పడుతుంటుంది. మధురవాడ నుంచి గాజువాక వెళ్ళాలంటే గంట పైనే పడుతుంది, ఎన్ఏడీ దగ్గర రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ. వీలైతే ముందురోజు ఒకసారి వెళ్ళి గేటు చూసి రండి.

డిసెంబరు పరీక్షల టైమ్‌లో తుపాను వస్తే?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి తుపాన్ల కాలమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. హాల్ టికెట్, గుర్తింపు కార్డు రెండు ప్రింట్లు తీసి ఇంట్లో ఉంచండి. ఆన్‌లైన్‌లో పెట్టాల్సినవి హెచ్చరిక రాగానే పెట్టేయండి, చివరి రోజు దాకా ఆగొద్దు. పరీక్ష వాయిదా సంగతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్‌లో వచ్చింది నమ్మకండి.

ఒక పేపర్ పోయింది. అంతా మళ్ళీ చదవాలా?

అక్కర్లేదు. ఇగ్నోలో పాసైన పేపర్ల మార్కులు అలాగే ఉంటాయి, పోయిన పేపర్ ఒక్కటీ తర్వాతి జూన్‌లోనో డిసెంబరులోనో రాస్తే చాలు, కోర్సు గరిష్ఠ గడువు లోపల. పరీక్ష ఫారం మళ్ళీ నింపాలి. అది మర్చిపోయి ఆరు నెలలు పోగొట్టుకున్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

చదువు పూర్తయింది. మేనేజర్‌కి ఎలా చెప్పాలి? ఎదురుగా ఉండరు కదా.

ఒక మెయిల్ రాయండి. ఏం చదివారు, ఎప్పుడు పూర్తయింది, దానివల్ల ఇప్పుడు ఏ పని కొత్తగా చెయ్యగలరు, అంతే, నాలుగు వాక్యాలు. సర్టిఫికెట్ జతచేసి, మీ ఉద్యోగ రికార్డులో చేర్చమని హెచ్ఆర్‌కి కూడా పంపండి. అప్రైజల్ ఫారం తెరిచే నెలకి ముందు పంపితే మంచిది. చాలా కంపెనీల్లో అది మార్చిలోపే.